ఒంటరిగా వదిలితే ఊళపెట్టే కుక్క: ఏడ్చి అలవాటు పడనివ్వాలా, అసలు వదలకూడదా?

తోకచుక్క (చర్చ మొదలుపెట్టినవారు)

ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఊళపెట్టే కుక్క గురించి అడిగితే రెండు సలహాలు ఎదురెదురుగా వస్తాయి. ఒకరు "పట్టించుకోకండి, పది రోజులు ఏడ్చి అదే మానుకుంటుంది" అంటారు. ఇంకొకరు "శిక్షణ పూర్తయ్యేదాకా ఒంటరిగా వదలనే వద్దు, సెకన్ల లెక్కన మొదలుపెట్టండి" అంటారు. మొదటిది క్రూరమని, రెండోది ఉద్యోగాలు చేసుకునేవాళ్ళ వల్ల కాదని వాదనలు. మధ్యలో బోను, మొరుగుడు ఆపే పట్టీ, మందులు, తోడుకు ఇంకో కుక్క. ఏది ఎప్పుడు పనిచేస్తుందో, ఏది ఎందుకు చెడగొడుతుందో కారణంతో సహా రాయండి. "మా దానికి తగ్గింది" అన్నంత మాత్రాన ఇంకొకరికి దారి దొరకదు.

గడపకాపలా

మొదటి సలహాను పూర్తిగా కొట్టిపారేయడం సరికాదు. కుక్క చేసిన పనికి ఫలితం దొరికితే ఆ పని పెరుగుతుంది. ఊళ వినగానే తలుపు తీస్తే అది ఫలితం. పక్కగదిలోంచి "ఏయ్, నోర్ముయ్" అని కేకేసినా అది ఫలితమే, మనిషి పలికాడు కదా. ఫలితం ఆగితే పని ఆగుతుంది. అయితే ఆగే ముందు ఒకసారి విజృంభిస్తుంది. రెండు మూడు రోజులు ఊళ మునుపటికన్నా గట్టిగా, ఎక్కువసేపు వస్తుంది. చాలామంది సరిగ్గా అప్పుడే మెత్తబడి తలుపు తీస్తారు. దాంతో పది నిమిషాలు చాలకపోతే ఇరవై నిమిషాలు ఏడవాలని కుక్కకు నేర్పినట్టవుతుంది. ఎప్పుడో ఒకసారి దొరికే ఫలితం రోజూ దొరికేదానికంటే మొండి అలవాటును తయారుచేస్తుంది. కాబట్టి పట్టించుకోకపోతే పూర్తిగా పట్టించుకోకూడదు, సగం సగం చేస్తే మొదటికే మోసం.

నాలుగడుగులు

గడపకాపలా గారూ, ఆ సూత్రం నిజమే. మీరు దాన్ని వాడిన చోటు దగ్గరే నాకు పేచీ. మనం పక్కగదిలో ఉండగా "నన్నూ రానివ్వు" అని అడిగే ఊళకు అది చక్కగా సరిపోతుంది. ఇల్లంతా ఖాళీ అయ్యాక వచ్చే ఊళ చాలాసార్లు అడగడం కాదు, బెంబేలు. చొంగ కారడం, రొప్పడం, నేల మీద చెమట పాదాల అచ్చులు పడటం, బయట తిరిగివచ్చిన కుక్క కూడా గుమ్మం దగ్గర మూత్రం పోసేయడం, ఇవేవీ ఫలితం కోసం చేసే పనులు కావు. అది కావాలని చేస్తేగా, ఫలితం ఆపితే మానేయడానికి?

అలాంటి కుక్కను రోజుకు నాలుగు గంటలు ఆ భయంలోనే ఉంచితే అలవాటు పడదు, ఇంకా సున్నితమవుతుంది. మొదట తలుపు మూశాక భయపడుతుంది. కొన్నాళ్ళకు తాళంచెవి గలగలకే లేచి నిలబడుతుంది. ఆ తర్వాత మనం బట్టలు మార్చుకుంటుంటేనే కాళ్ళకు అడ్డం పడుతుంది. భయం ముందుకు జరుగుతూ వస్తుంది. ఊళ ఆగిపోయినా నమ్మకండి. తలుపు సందుకు ముక్కు ఆనించి వణుకుతూ నిలబడ్డ కుక్క కూడా చప్పుడు చేయదు.

మూడోకన్ను

ఇద్దరూ కుక్కను చూడకుండానే వాదిస్తున్నారు. ముందు వీడియో తీయాలి. పాత ఫోను చాలు, వీడియో కాల్ కలిపి పెట్టి వెళ్ళినా సరే. మనం వెళ్ళే తలుపూ, కుక్క పడుకునే చోటూ రెండూ ఒకే చట్రంలో పడేలా నడుము ఎత్తున పెట్టండి. తలుపు మాత్రమే కనబడేలా పెడితే అటూ ఇటూ తిరగడం తెలియదు. ఫోను పెట్టిన రోజే బయటికి వెళితే ఆ ఫోనే కొత్త సంకేతమైపోతుంది, అందుకని రెండు మూడు రోజులు ఊరికే అక్కడ ఉంచండి. తర్వాత అరగంట రికార్డు చేయండి. ఒంటరితనపు భయం చాలా కుక్కల్లో మొదటి అరగంటలోనే బయటపడుతుంది, కొన్నింటిలో తాళం పడిన నిమిషంలోపే.

చూడాల్సింది ఊళ ఎప్పుడు మొదలైందని ఒక్కటే కాదు, ఊళకు ముందు ఏం జరిగిందని కూడా. పదే పదే ఆవలింత, మూతి నాక్కోవడం, ముందుకాలు ఒకటి గాల్లో ఎత్తి నిలబడటం, తలుపు మీంచి చూపు తిప్పకపోవడం, తర్వాత చిన్నగా కుంయ్‌మనడం, ఆపైన తల ఎత్తి ఊళ. ఈ వరసలో మొదటి మెట్టు ఏ సెకనులో పడిందో కాగితం మీద రాసుకోండి. శిక్షణకు ఆ అంకె కావాలి.

ఊళ గంట తర్వాత ఎక్కడో వచ్చి, దానికి ముందు కుక్క హాయిగా నిద్రపోయి ఉంటే కారణం వేరు. అంబులెన్సు సైరనో, వీధిలో ఇంకో కుక్క ఊళో విని జవాబిస్తోందేమో చూడండి. ఫోనులో శబ్దం కూడా రికార్డయి ఉంటుంది కాబట్టి తేలిపోతుంది. అలాంటప్పుడు వీధివైపు కిటికీ మూసి, దాన్ని లోపలిగదిలో పడుకోబెట్టి, ఫ్యాను చప్పుడో రేడియో మాటలో సన్నగా పెడితే చాలావరకు తగ్గుతుంది. బొమ్మలు చీల్చుతూ, ఇల్లంతా వెతుకుతూ మధ్యమధ్యలో మొరిగేది విసుగు. విసుగున్న కుక్క ముందు తిండి పెట్టి వెళితే తింటుంది. భయపడ్డ కుక్క చాలాసార్లు ఎంత ఇష్టమైనది పెట్టినా ముట్టుకోదు, మనం తిరిగి వచ్చాక తింటుంది. ఈ ఒక్క తేడా చాలా చెబుతుంది.

ముసలికుక్క ఇన్నేళ్ళూ బాగానే ఉండి కొత్తగా ఊళ మొదలుపెడితే శిక్షణ జోలికి పోకుండా ముందు వైద్యుడికి చూపించండి. నొప్పి, చెవుడు, చూపు తగ్గడం, వయసుతో వచ్చే మతిమరుపు, అన్నీ ఈ రూపంలో రావచ్చు. మతిమరుపున్న కుక్క మనం ఇంట్లో ఉన్నా రాత్రిపూట గోడకేసి నిలబడి ఊళపెడుతుంది.

తోకచుక్క

వీడియోలో భయమే అని తేలిందనుకుందాం. సెకన్ల లెక్క అంటున్నారు కదా, అది అసలు ఎలా చేయాలి?

నాలుగడుగులు

మూడోకన్ను గారు రాసుకోమన్న అంకె 20 సెకన్లు అనుకోండి. మొదటిరోజు ఆ అంకెలో సగం కూడా దాటొద్దు. ఒక్కోసారి ఇలా ఉంటుంది: తలుపు దాకా వెళ్ళి వెనక్కి. గొళ్ళెం తీసి వేసి వెనక్కి. బయటికి వెళ్ళి 3 సెకన్లు. తర్వాత 7. తర్వాత 2. తర్వాత 10, 4, 8. వరసగా పెంచుకుంటూ పోతే ప్రతిసారీ ముందుకంటే కష్టమే వస్తుందని కుక్క పసిగడుతుంది, అందుకే మధ్యమధ్యలో చిన్నవి. లోపలికి వచ్చాక మళ్ళీ పడుకునేదాకా, కనీసం ఒక నిమిషమైనా ఆగి అప్పుడే మళ్ళీ వెళ్ళాలి. పదిసార్లకు మించొద్దు, మొత్తం 20 నిమిషాల్లో అయిపోవాలి. వారానికి ఐదు రోజులు చాలు, మిగతా రెండు రోజులూ సెలవు.

ఊళ రాలేదని గెలిచినట్టు కాదు. ఆవలింత కూడా రాకపోతేనే గెలుపు. ఆవలింత కనబడితే మర్నాడు సగానికి దిగండి. ఊళే వచ్చిందంటే మీ అంకె చాలా పెద్దది, రెండు రోజులు ఆపి కిందినుంచి రండి. ఊళ ఆగేదాకా బయట నిలబడాలని పంతం పట్టొద్దు. భయమని తేల్చుకున్నాక లోపలికి వచ్చేయండి. భయానికి ఓదార్పు బహుమతి అయిపోతుందనే బెంగ ఇక్కడ అక్కర్లేదు.

మొదటి అరగంట దాటడానికే నెలలు పట్టవచ్చు, అసలు కష్టమంతా అక్కడే. గంటన్నర ప్రశాంతంగా ఉండగలిగిన కుక్క సాధారణంగా నాలుగు గంటలూ ఉండగలదు. 30 నిమిషాలు దాటాక ఒక్క పొడవాటి విడత చాలు, మధ్యలో చిన్నచిన్నవి అక్కర్లేదు.

తాళంచెవి, చెప్పులు, సంచి, వీటి సంగతి చాలామంది మొదట్లోనే పెట్టుకుంటారు. తాళంచెవి తీసి మళ్ళీ కూర్చోవడం రోజుకు పదిసార్లు చేయమంటారు. మామూలు బెరుకున్న కుక్కకు అది పనిచేస్తుంది. తాళంచెవుల గలగలకే వణికే కుక్కకు మాత్రం రోజుకు పదిసార్లు భయపెట్టినట్టే. దానికి మొదట చేతిలో ఏమీ లేకుండా, ఇంట్లో తిరిగే బట్టలతోనే వెళ్ళి, ఐదు నిమిషాలు సాధించాక చెప్పులు, తర్వాత తాళంచెవి ఒక్కొక్కటిగా కలపాలి. కొత్తది ఒకటి కలిపిన రోజు సమయం సగానికి తగ్గించండి.

గడపకాపలా

ఇందులో చెప్పకుండా వదిలేసిన షరతు ఉంది. ఈ నెలల్లో మిగతా గంటలు ఎవరు చూస్తారు? పొద్దున 10 సెకన్లు నేర్పి, మధ్యాహ్నం ఎనిమిది గంటలు వదిలేసి వెళితే పొద్దుటి పని నీళ్ళపాలు. మీ పద్ధతి సగం చేస్తే నా పద్ధతి సగం చేసినదానికన్నా ఘోరంగా చెడుతుంది.

నాలుగడుగులు

ఆ షరతు నిజమే, దాచడం లేదు. భరించగలిగినదానికంటే ఎక్కువసేపు ఒంటరిగా వదలకపోవడమే ఈ పద్ధతికి వెన్నెముక. అయితే ఈ భయమున్న కుక్కల్లో చాలావాటికి మనిషే కావాలి, మీరే కానక్కర్లేదు. ఎవరో ఒకరు ఇంట్లో ఉంటే పడుకుంటుందా అన్నది కూడా వీడియోలోనే తేలుతుంది. అలాగైతే బంధువులో, పక్కింటివారో, రోజంతా కుక్కలను చూసుకునే చోటో, ఇంటి నుంచి పనిచేసే రోజులో కలిపి వారం పట్టిక వేసుకోవచ్చు. ఎలా చేసినా కొన్ని గంటలు మిగిలిపోతాయి. ఆ గంటలకు తలుపూ గదీ మార్చండి. శిక్షణ వీధి తలుపు నుంచి చేస్తుంటే, తప్పనిసరిగా వెళ్ళాల్సినప్పుడు ఇంకో తలుపు నుంచి వెళ్ళండి. ఆ గంటల్లో భయం పోదు, కానీ శిక్షణ తలుపుకు మచ్చ పడదు.

మందులపెట్టె

ఇదంతా చదివాక ఒక మాట గట్టిగా చెప్పాలి. మందును ఆఖరి అస్త్రంగా దాచుకోవడం వల్లే చాలా కుక్కలు నెలల తరబడి నరకం పడుతున్నాయి. 20 సెకన్లకే చొంగ కార్చే కుక్క ఏమీ నేర్చుకునే స్థితిలో ఉండదు. ఆ భయాన్ని ముందు కొంత కిందికి దించాలి.

ఈ సమస్యకే అమెరికాలో అనుమతి పొందిన మందులు రెండున్నాయి, క్లోమిప్రమీన్, ఫ్లూఆక్సెటీన్. రెండోదానికి అక్కడ కుక్కల కోసం 2007లో అనుమతి వచ్చింది, అదీ ప్రవర్తన శిక్షణతో కలిపి వాడాలన్న షరతుతో. ఇవి మత్తు మాత్రలు కావు. రోజూ ఇవ్వాలి, ప్రభావం తెలియడానికి నాలుగు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. పది రోజులు వేసి "పనిచేయలేదు" అని ఆపేయడం ఇక్కడ అందరూ చేసే తప్పు. మొదటి వారాల్లో ఆకలి తగ్గడం, మందకొడిగా ఉండటం మామూలే. రెండు రోజులు అసలు తినకపోతే వైద్యుడికి ఫోను చేయండి. మానేటప్పుడు కూడా వారాల మీద తగ్గించాలి.

ఈ వారాల మధ్యలో తప్పనిసరిగా వదలాల్సిన రోజుకు ట్రాజోడోన్ లాంటి శాంతపరిచే మందు వైద్యులు విడిగా రాస్తారు. దాన్ని మనం ఇంట్లో ఉన్నరోజు ఒకసారి వేసి చూడాలి, కొన్ని కుక్కలు దానికి నిద్రపోయే బదులు చిరాకు పడతాయి.

వైద్యుడికి మీరే గుర్తుచేయాల్సినవి కొన్నున్నాయి. మూర్ఛ వచ్చిన చరిత్ర ఉంటే ముందే చెప్పండి. పిడుదులకు అమిట్రాజ్ ఉన్న పట్టీగానీ మందునీళ్ళుగానీ వాడుతుంటే చెప్పండి, అది ఈ రెండు మందులతోనూ కలవకూడదు. ముసలికుక్కలకు మతిమరుపుకు ఇచ్చే సెలెజిలిన్ కూడా అంతే. నొప్పికి ట్రమడాల్ వాడుతున్నా చెప్పాలి. ఇంట్లో మనుషుల మాత్రలున్నాయని ముక్కలు చేసి వేయకండి. మనుషుల ద్రవ మందులు కొన్నింటిలో తీపికి జైలిటాల్ కలుపుతారు, గబాపెంటిన్ ద్రవంలో కూడా ఉండవచ్చు. జైలిటాల్ కుక్కకు విషం. ఒంట్లో చక్కెరను దబ్బున పడగొడుతుంది, కాలేయాన్ని దెబ్బతీస్తుంది.

ఏసెప్రొమజీన్ అనే మత్తు మందు ఒక్కటే ఇచ్చి కుక్క నిశ్శబ్దంగా ఉందని సంతోషించకండి. కాళ్ళు కదలవు, భయం అలాగే ఉంటుంది.

గడపకాపలా

నా అభ్యంతరం మందు మీద కాదు, తొందర మీద. వీడియో తీయకుండా, విసుగో సైరనో తేల్చకుండా మాత్రలు మొదలుపెట్టేవాళ్ళే ఎక్కువ. మాత్ర సైరను ఆపదు.

మందులపెట్టె

అందులో మీతో నాకు తేడా లేదు. వీడియో లేకుండా మందు రాయమని అడగొద్దు. వీడియోలో 20 సెకన్లకే చొంగ కనబడితే మూడు నెలలు ఆగి రమ్మనీ చెప్పొద్దు.

తోకచుక్క

బోను గురించీ, మొరుగుడు పట్టీ గురించీ ఎవరూ రాయలేదు.

మూడోకన్ను

బోనులో ఇష్టంగా పడుకునే కుక్కకు అది మంచం. భయపడే కుక్కకు అదే రెండో భయం. వీడియోలో చువ్వలు కొరుకుతున్నా, తలుపు మూల గోకుతున్నా ఆ రోజే బోను ఆపేయండి. కోరలు విరగడం, గోళ్ళు ఊడి రక్తం కారడం ఇలాగే జరుగుతాయి. చాలా కుక్కలు బోను తీసేసి ఒక గది మొత్తం ఇస్తే సగం కుదుటపడతాయి. ఇల్లు పాడవుతుందని దిగులైతే పిల్లలకు అడ్డంపెట్టే గేటు ఒకటి వాడండి, తలుపు మాత్రం మూయకండి. మూసిన తలుపే దానికి అసలు సమస్య కావచ్చు.

పట్టీ విషయంలో నాకు సందేహం లేదు, వద్దు. షాకుదైనా, వాసన చిమ్మేదైనా అది గొంతును శిక్షిస్తుంది, భయాన్ని పెంచుతుంది. పైగా చాలా పట్టీలు గొంతు అదురు మీద పనిచేస్తాయి. మొరుగు దెబ్బదెబ్బగా వస్తుంది, ఊళ సాగదీసి వస్తుంది. అందుకని కొన్ని పట్టీలు ఊళను పట్టుకోవు, పక్కన ఇంకో కుక్క మొరిగితే దీన్ని శిక్షించేవీ ఉన్నాయి. ఊళ ఆగితే ఫిర్యాదు ఆగుతుంది, అంతే. భయం అరుపు నుంచి తలుపు కొరకడానికి మారుతుంది.

తోడుకు ఇంకో కుక్క అన్నది, వీడియోలో వేరే కుక్క పక్కన ఉంటే ఇది పడుకుంటోందని రెండు మూడుసార్లు చూశాకే ఆలోచించాలి. మనిషి కోసం ఏడ్చే కుక్క పక్కన ఇంకోటి ఉన్నా ఏడుస్తుంది, రెండోది నేర్చుకుని గొంతు కలుపుతుంది.

తోకచుక్క

ఆఖరిగా ఒకటి. వెళ్ళేటప్పుడు తిండి నింపిన రబ్బరు బొమ్మ ఇవ్వమని అందరూ చెబుతారు. ఇవ్వాలా?

నాలుగడుగులు

విసుగున్న కుక్కకు ఇవ్వండి. లోపల కూరిన తిండిని గడ్డకట్టిస్తే అరగంట దాకా నాకుతుంది. భయమున్న కుక్కకు శిక్షణ సమయంలో ఇవ్వకండి. అది తిన్నంతసేపు బాగుందనిపిస్తుంది, అయిపోయిన క్షణంలో తల ఎత్తి చూస్తే ఇల్లు ఖాళీ. మీరు 15 నిమిషాలు సాధించారనుకుంటారు, నిజానికి బొమ్మ 15 నిమిషాలు వచ్చింది. కొన్నాళ్ళకు ఆ బొమ్మ బయటికి తీయగానే కుక్క తలుపు దగ్గరికి పరుగెడుతుంది, అదీ తాళంచెవిలా సంకేతమైపోతుంది. బొమ్మను మీరు ఇంట్లో ఉన్నప్పుడు, పక్కనే కూర్చుని ఇవ్వండి. ఒంటరిగా గంట ఉండగలిగాక అప్పుడు కావాలంటే వెళ్ళేటప్పుడు కూడా పెట్టండి, వచ్చాక ఖాళీ అయిందో లేదో చూడండి.