చర్మవ్యాధి, దిగులు రెండూ ఉంటే ఎవరికి చూపించుకోవాలి? రెఫరల్ ఎలా అడగాలి?

కానుగచెట్టు:
సోరియాసిస్, ఎగ్జిమా, బొల్లి ఏళ్ళ తరబడి వేధిస్తుంటే నిద్ర పట్టదు, నలుగురిలోకి వెళ్ళబుద్ధి కాదు, దిగులు పట్టుకుంటుంది. స్కిన్ డాక్టరు దగ్గర పూతమందు, మాత్రలతోనే మాట అయిపోతుంది. సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్తే "ముందు చర్మం చూపించుకోండి" అంటారు. రెండూ కలిపి చూసే విభాగం ఉంటుందా? లేనిచోట ఏం పట్టుకెళ్ళాలి, ఎలా అడగాలి?

వేపపూత:
ఉందండి, సైకోడెర్మటాలజీ అంటారు. కొన్నిచోట్ల ఇద్దరు డాక్టర్లూ ఒకే గదిలో కూర్చుని చూస్తారు. కొన్నిచోట్ల స్కిన్ ఓపీలోనే సైకాలజిస్ట్ ఉంటారు. ఇవేవీ లేకపోతే స్కిన్ డాక్టరు రాసే రెఫరల్ ఉత్తరమే దారి. అది ఎంత బాగా ఉంటే పని అంత తొందరగా అవుతుంది.

లేచి వచ్చేటప్పుడు తలుపు దగ్గర "మనసు బాగోలేదు" అంటే చీటీలోకి ఎక్కదు. కూర్చోగానే అంకెలు చేతిలో పెట్టండి. డీఎల్‌క్యూఐ అని, చర్మవ్యాధి బతుకును ఎంత ఇబ్బంది పెడుతోందో కొలిచే ప్రశ్నావళి 1994లో వచ్చింది. గడిచిన వారం గురించి 10 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 30. 10 దాటిందంటే రోజువారీ బతుకు మీద దెబ్బ చాలా ఎక్కువ అని లెక్క. మచ్చ అరచేతి మేరే ఉన్నా, ముఖం మీదో మర్మాంగాల దగ్గరో ఉంటే స్కోరు 10 దాటడం వింత కాదు. అందుకే "కొంచెమే కదా" అనే మాటకు ఈ కాగితమే జవాబు. 4 నుంచి 16 ఏళ్ళ పిల్లలకు వేరే ఫారం ఉంది.

అయితే డీఎల్‌క్యూఐ సిగ్గు, బట్టలు, పని, ఆటల గురించి అడుగుతుంది కానీ దిగులు గురించి సూటిగా అడగదు. అందుకని పీహెచ్‌క్యూ-9 అనే, దిగులును కొలిచే ప్రశ్నావళి కూడా నింపండి: గడిచిన రెండు వారాలు, మొత్తం 27. 10 గానీ అంతకు మించి గానీ వస్తే రెఫరల్ అడగడానికి అది చాలు. తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. దానికి సున్నా కాక ఏది వచ్చినా ఆ రోజే డాక్టరుకు చెప్పాలి. ప్రాణం తీసుకోవాలనే ఆలోచన బలంగా ఉంటే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళాలి.

ఉత్తరంలో జబ్బు పేరు, ఎన్నాళ్ళుగా ఉంది, ఇప్పటి మందులు, మోతాదు, రెండు స్కోర్లు, అవతలి డాక్టరు నుంచి ఏం కావాలి అన్నవి ఉండాలి. "దయచేసి చూడగలరు" అని ఒక్క ముక్క రాస్తే తిరుగుటపాలో వచ్చేస్తుంది.

మాత్రలపెట్టె:
మందుల జాబితాలో ప్రతిదాని పక్కనా మొదలుపెట్టిన తేదీ వేయండి. చాలా చిక్కులు అక్కడే విడిపోతాయి. బైపోలార్ జబ్బుకు ఇచ్చే లిథియం సోరియాసిస్‌నూ మొటిమలనూ పెంచగలదు. ఆందోళనకు, గుండెదడకు ఇచ్చే ప్రొప్రనొలాల్ కూడా సోరియాసిస్‌ను రేపవచ్చు. అటువైపు, అంటే చర్మం మందులు మనసు మీద చేసే పని చూస్తే, ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ రోజుకు 40 మి.గ్రా. దాటే కొద్దీ నిద్ర, మనసు చెదిరే ముప్పు పెరుగుతుంది. మొటిమలకిచ్చే ఐసోట్రెటినాయిన్, సోరియాసిస్‌కిచ్చే అప్రెమిలాస్ట్ వాడేవాళ్ళలో దిగులును కనిపెట్టుకుని ఉండాలి. అనుమానం వచ్చిందని ఎవరికి వారు ఆపేయకండి, లిథియం అసలే వద్దు. రాసిన డాక్టరుతో మాట్లాడాకే మార్పు.

దీనికి మినహాయింపు లామోట్రిజిన్, బైపోలార్‌కూ మూర్ఛకూ ఇచ్చే మందు. మొదటి 8 వారాల్లో దద్దురు వచ్చి, జ్వరం గానీ నోట్లో పుండ్లు గానీ తోడైతే ఇంకో మాత్ర వేసుకోకుండా వెంటనే ఆస్పత్రికి పోవాలి. అదే జబ్బులకు ఇచ్చే వాల్‌ప్రొయేట్ కూడా వాడుతుంటే ఈ ముప్పు ఎక్కువ.

కానుగచెట్టు:
చాలా ఉపయోగపడిందండి. దురద తగ్గాక కూడా గోకడం, గిల్లుకోవడం ఆగనివాళ్ళ సంగతి? ఒంటి మీద పురుగులు పాకుతున్నాయని నమ్మేవాళ్ళ సంగతి?

గోరుచుట్టు:
మొదటిదానికి హ్యాబిట్ రివర్సల్ (అలవాటు మాన్పించే పద్ధతి) వచ్చిన సైకాలజిస్ట్ కావాలి, అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ఆ పేరు పెట్టి అడగండి. మొదటి వారం గోకడం ఆపమనరు. ఎన్నిసార్లు, ఎక్కడ, ఏం చేస్తుండగా అన్న లెక్క మాత్రమే. రెండో వారం నుంచి చెయ్యి లేవగానే పిడికిలి బిగించి 30 లెక్కపెట్టాలి, ఇంకా దురద ఉంటే అక్కడ గోరుతో నొక్కిపట్టాలి, గీరకూడదు. లెక్క రాయకుండానే పిడికిలి మొదలుపెడితే తగ్గిందో లేదో తేలదు, విసుగొచ్చి వదిలేస్తారు. మాయిశ్చరైజర్, పూతమందు ఆపితే ఇదంతా వృథా.

రెండోది సున్నితమైన విషయం. గజ్జి, థైరాయిడ్, కిడ్నీ, లివర్, రక్తంలో ఇనుము, వాడుతున్న మందులు, మత్తుపదార్థాలు అన్నీ చూశాకే భ్రమ అనాలి. పురుగులని చిన్న డబ్బాలో తెచ్చినవాటిని మైక్రోస్కోప్ కింద నిజంగా పెట్టి చూడాలి. "ఇది మానసికం" అని మొదటిరోజే పంపిస్తే ఆ మనిషి ఇంకో స్కిన్ డాక్టరును వెతుక్కుంటారు తప్ప సైకియాట్రిస్ట్ గడప తొక్కరు. ఇంట్లోవాళ్ళు వాదించనూ వద్దు, "అవును, కనిపిస్తున్నాయి" అననూ వద్దు. "నిద్ర పట్టట్లేదు కదా, దానికైనా మందు అడుగుదాం" అని అదే స్కిన్ డాక్టరు దగ్గర మొదలుపెట్టండి. రెండు మూడు వారాల్లోపు మళ్ళీ ఎప్పుడు రావాలో తేదీ వేయించుకునే బయటికి రండి.