షవర్ కింద నీళ్లు దిగట్లేదు, పాదాలు మునిగేదాకా నిలుస్తున్నాయి. డ్రెయిన్ క్లీనర్ పొడి వేయొచ్చా?

ప్రశ్న

రెండు నెలలుగా మా బాత్రూంలో షవర్ నీళ్లు సరిగ్గా దిగట్లేదు. మొదట్లో స్నానం అయ్యాక కాసేపటికి దిగిపోయేవి కాబట్టి పట్టించుకోలేదు. ఇప్పుడు షవర్ తిప్పిన నాలుగైదు నిమిషాలకే పాదాలు మునుగుతున్నాయి. కట్టేశాక మొత్తం దిగడానికి ఎంతసేపు పడుతుందో నిన్న ఫోన్‌లో చూశాను, 14 నిమిషాలు. దిగిపోయాక నేల మీద బూడిద రంగు తెట్టు మిగులుతోంది. దాని మీద కాలు పెడితే జర్రున జారుతోంది.

నా టెన్షన్ అంతా మా నాన్న గురించి. ఆయనకు 71 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. మొన్న ఆ తెట్టు మీదే కాలు జారి, గోడకున్న కుళాయి పట్టుకుని నిలదొక్కుకున్నారు. దెబ్బ తగల్లేదు గానీ, ఆ రోజు నుంచి ఆయన స్నానానికి వెళ్తే నేను తలుపు బయటే నిలబడుతున్నాను.

నేను చేసినవి: వంటసోడా వేసి పైన వెనిగర్ పోశాను. బుస్సున పొంగింది, అంతే, నీళ్లు మాత్రం అలాగే ఉన్నాయి. జాలీ మీద కనిపించిన జుట్టు తీసేశాను. మా అమ్మాయికీ నాకూ పొడుగు జుట్టు. డ్రెయిన్ క్లీనర్ పొడి డబ్బా తెచ్చి పెట్టాను గానీ ఇంకా మూత తియ్యలేదు. అది వేస్తే పోతుందా? అదే బాత్రూంలో వాష్‌బేసిన్, కమోడ్ బాగానే ఉన్నాయి.

జవాబు (26 ఏళ్లుగా ప్లంబింగ్ పని చేస్తున్నాను)

అమ్మా, ముందు ఆ డబ్బా మూత తియ్యకుండానే పక్కన పెట్టండి. మీరు చెప్పినదాంట్లో మంచి వార్త ఒకటుంది. బేసిన్, కమోడ్ బాగున్నాయంటే అన్నీ కలిసే మెయిన్ లైన్‌లో అడ్డం ఏమీ లేదు. అడ్డం షవర్ జాలీ కిందే, చెయ్యి అందేంత దూరంలోనే ఉండి ఉంటుంది. బేసిన్‌లో నీళ్లు వదిలినప్పుడు షవర్ జాలీలో గుడగుడమని చప్పుడు వచ్చినా, కమోడ్ ఫ్లష్ చేస్తే ఇక్కడ నీళ్లు పైకి తన్నినా అప్పుడు వేరే సంగతి.

అడ్డం అంటే ఏమిటో చెప్తాను. ఒక్క జుట్టే అయితే నీళ్లు ఎలాగోలా సందు చూసుకుని పోతాయి. సబ్బులో ఉన్న కొవ్వు, నీళ్లలో ఉన్న కాల్షియం కలిసి కరగని మడ్డి అవుతుంది. మీరు నేల మీద చూసిన తెట్టు అదే. ఆ మడ్డి జుట్టుకు పట్టి, దాని మీద ఇంకా జుట్టు చుట్టుకుని, ఉండ కడుతుంది. సోడా, వెనిగర్ దాన్ని ఏమీ చెయ్యలేవు. ఒకటి క్షారం, ఒకటి ఆమ్లం. రెండూ కలిస్తే ఒకదాని బలం ఒకటి తీసేసుకుంటాయి. పొంగింది గ్యాసే. జుట్టును చేత్తో లాగి తియ్యాల్సిందే, నా అనుభవంలో దీన్ని మించిన మార్గం లేదు.

చేతులకు రబ్బరు గ్లోవ్స్ వేసుకోండి. జాలీకి స్క్రూలుంటే తియ్యండి, లేకపోతే స్క్రూడ్రైవర్ అంచుకు పెట్టి మెల్లగా లేపండి. కింద టార్చి వేసి చూడండి. చాలా ఇళ్లలో అక్కడ బోర్లించిన గిన్నెలాంటి కప్పు ఒకటి ఉంటుంది. దాన్ని కొంచెం తిప్పుతూ పైకి లాగితే వస్తుంది. జుట్టు ఎక్కువగా ఇరుక్కునేది ఆ కప్పు అంచు కిందే. నీళ్లు దాని అంచు కింద నుంచి దూరి, లోపల పైకి ఎక్కి, పైపులోకి పడాలి. ఆ సందు వేలి మందం కూడా ఉండదు, అక్కడ జుట్టు చుట్టుకుంటే ఇక కదలదు.

మీ దాంట్లో కప్పు లేదనుకోండి, కింద పైపు వంపు తిరిగి ఉంటుంది. రెండడుగుల గట్టి తీగ తీసుకుని, చివర చిటికెన వేలి గోరంత కొక్కెం వంచండి. పక్కలకు ముళ్లున్న ప్లాస్టిక్ పట్టీలు కూడా దొరుకుతాయి, అవి ఇంకా మేలు. లోపలికి దించి, తగిలిన చోట మెల్లగా మెలితిప్పి, పైకి లాగండి. లోపలికి పొడవకండి. పొడిస్తే ఉండ వంపు దాటి పోయి ఇంకా దూరంలో బిగుసుకుంటుంది. ఒక్కసారికి రాదు, నాలుగైదు సార్లు చెయ్యాలి. ప్రతిసారీ వచ్చినదాన్ని పాత కవర్లో వేసెయ్యండి, కమోడ్‌లో వెయ్యొద్దు.

తర్వాత వేడినీళ్లు ఒక బకెట్ పొయ్యండి. సలసల కాగే నీళ్లు కాదు. మామూలు పీవీసీ పైపు 60 డిగ్రీల వరకే, అది దాటితే మెత్తబడుతుంది, అతుకులు వదులవుతాయి. అప్పటికీ నీళ్లు మెల్లగా దిగితే ప్లంజర్ పెట్టండి. దాని రబ్బరు మునిగేంత నీళ్లు నేల మీద ఉండాలి, లేకపోతే గాలి పోతుంది, పట్టు దొరకదు. 15-20 సార్లు నొక్కి చివర్లో గట్టిగా పైకి లాగండి. దానికీ లొంగకపోతే పైపులోకి దూర్చే పొడవాటి స్ప్రింగ్ వెయ్యాలి, అప్పుడు మనిషిని పిలవండి.

జవాబు

ఆ పొడి గురించి నా అనుభవం చెప్తాను, దయచేసి వినండి. మాకూ ఇలాగే నీళ్లు నిలిస్తే ఆ నీళ్లలోనే పొడి వేశాను. అరగంటైనా కదల్లేదు. ఆత్రంకొద్దీ ప్లంజర్ పెట్టి నొక్కాను. ఆ నీళ్లు ఎగిరి ముంజేతి మీద పడ్డాయి. ఆ పొడిలో ఉండేది కాస్టిక్ సోడా. నీళ్లు తగిలితే బాగా వేడెక్కుతుంది, చర్మాన్ని కాలుస్తుంది. పది నిమిషాలకు పైగా కుళాయి కింద చెయ్యి పెట్టినా బొబ్బలెక్కాయి, మచ్చ ఇంకా ఉంది. కళ్లలో పడి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది. పైగా ఆ పొడి అడుగున గడ్డకట్టి రాయిలా అయింది. చివరికి ట్రాప్ (జాలీ కింద నీళ్లు నిలిచే భాగం) పగలగొట్టి మార్చాల్సి వచ్చింది.

ఇంకోటి, ఒక మందు పని చెయ్యలేదని దాని మీద ఇంకో మందు పొయ్యకండి. యాసిడ్ ఉన్న టాయిలెట్ క్లీనర్, బ్లీచింగ్ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. తలుపు మూసిన బాత్రూంలో అది ప్రాణాల మీదకు తెస్తుంది.

జవాబు

ఇంత కష్టం ఎందుకండీ? ఆ కప్పు తీసి పడేయండి. మేం తీసేసి ఏడాది అయింది, నీళ్లు జలజలా పోతున్నాయి.

జవాబు (ప్లంబింగ్ పని)

తమ్ముడూ, అలా చెప్పొద్దు. కప్పు చుట్టూ నిలిచే ఆ కాసిని నీళ్లే మురుగు పైపుకూ మీ బాత్రూంకూ మధ్య ఉన్న తలుపు. కప్పు లేకపోతే మురుగు వాసన, బొద్దింకలు నేరుగా లోపలికి వస్తాయి. వాడని బాత్రూంలో వాసన రావడానికీ ఇదే కారణం, ఆ నీళ్లు ఆవిరైపోతాయి. వారానికోసారి ఒక చెంబు నీళ్లు పోస్తే చాలు. మీ ఇంట్లో వాసన మెల్లగా అలవాటైపోయి తెలియట్లేదేమో. కొత్త కప్పు తెచ్చి పెట్టుకోండి. అమ్మా, మీరు మాత్రం కడిగి మళ్లీ దాని చోట్లో పెట్టండి.

ప్రశ్న అడిగినవారు

ఈ ఉదయం చేశాను, వివరంగా రాస్తున్నాను.

జాలీకి రెండు స్క్రూలు. ఒకటి వెంటనే వచ్చింది, రెండోది తుప్పు పట్టి ఎంతకీ తిరగలేదు. కొబ్బరినూనె రెండు చుక్కలు వేసి ఇరవై నిమిషాలు ఆగితే కదిలింది. జాలీ తీశాక మీరు చెప్పిన కప్పు కనబడింది. రెండు చేతులతో తిప్పితే గానీ ఊడలేదు. ఊడినప్పుడు వచ్చిన వాసనకు నేను బయటికి వచ్చి కాసేపు నిలబడ్డాను.

కప్పు అంచు చుట్టూ జుట్టు తాడు పేనినట్టు చుట్టుకుని ఉంది. మూరెడు పొడుగు, బొటనవేలంత లావు. పైన నల్లగా, మధ్యలో తెల్లటి మడ్డి మైనంలా. దాన్ని విప్పుతుంటే లోపల షాంపూ ప్యాకెట్ చించిన చిన్న మూల దొరికింది, గోరంత ముక్క. అది పైపు నోటికి అడ్డంగా నిలబడి ఉంటే, దాని చుట్టూనే ఇదంతా పేరుకుందని అర్థమైంది. తీగతో ఇంకో మూడుసార్లు లాగితే కొంచెం కొంచెం వచ్చింది. నాలుగోసారి ఖాళీ.

కప్పును పాత టూత్‌బ్రష్‌తో రుద్ది కడిగి పెట్టేశాను. వేడినీళ్ల బకెట్ పోస్తే కళ్లముందే సుడి తిరుగుతూ దిగిపోయింది. షవర్ పది నిమిషాలు వదిలి చూశాను, నీళ్లు నిలవలేదు. కట్టేశాక నేల ఖాళీ అవ్వడానికి ఒక్క నిమిషం కూడా పట్టలేదు. పొడి వెయ్యొద్దని చెప్పినందుకు మీ ఇద్దరికీ చాలా థాంక్స్.

ఒక్క సందేహం. గోడ మూలలో మాత్రం ఇంకా కొన్ని నీళ్లు ఆగుతున్నాయి, జాలీ వైపు రావట్లేదు. నాన్న నిలబడేది అక్కడే.

జవాబు (ప్లంబింగ్ పని)

సంతోషం అమ్మా. మూలలో ఆగేది డ్రెయిన్ తప్పు కాదు, నేల వాలు తప్పు. మీటరు దూరానికి రెండు సెంటీమీటర్ల పల్లం ఉంటే నీళ్లు వాటంతట అవే జాలీకి వెళ్తాయి. టైల్స్ వేసినప్పుడు ఆ మూల కుంగినట్టుంది. అది లేపి మళ్లీ వేస్తేనే పూర్తిగా పోతుంది. అందాకా స్నానం అయిన వెంటనే రబ్బరు వైపర్‌తో ఆ నీళ్లు లాగెయ్యండి, తెట్టు పట్టదు. జాలీ మీద సన్న రంధ్రాల వల పెట్టి, తలస్నానం చేసిన ప్రతిసారీ జుట్టు తీసేయమని మీ అమ్మాయికి చెప్పండి.

ఇంకో మాట. మీ నాన్నగారు కుళాయి పట్టుకున్నారన్నారు. కుళాయి మనిషి బరువు ఆపదు, విరిగితే మనిషీ పడతారు, నీళ్లూ చిమ్ముతాయి. ఆ గోడకు స్టీలు కడ్డీ ఒకటి బిగించండి, నేల నుంచి 33-36 అంగుళాల ఎత్తులో. గాలి పట్టుతో అంటుకునే రకం కొనొద్దు, అది ఎప్పుడు ఊడుతుందో చెప్పలేం. గోడలోకి డ్రిల్ వేసి బోల్టులతో బిగించేదే పెట్టించండి. బిగించాక ముందు మీరు గట్టిగా వేలాడినట్టు లాగి చూసి, తర్వాతే ఆయన్ని పట్టుకోమనండి.