‘సాధనమున పనులు సమకూరు’: ఇక్కడ సమకూరడం అంటే వచ్చి చేరడమా, నెరవేరడమా?

అనువాదకుడు:
ఇంట్లో ఉన్న ఒక్క కంప్యూటరు ఖాళీ సమయాన్ని అనేక శాస్త్ర పరిశోధనలకు ఇవ్వదలచినవారి కోసం తెలుగులో ఒక మార్గదర్శిని రాస్తున్నాను. ఇళ్లలోని కంప్యూటర్లకు పరిశోధన పనులను తెచ్చిపెట్టే బోయింక్ అనే సాఫ్ట్‌వేరులో ఐన్‌స్టైన్ ఎట్ హోమ్, రోజెట్టా ఎట్ హోమ్, క్లైమేట్ ప్రెడిక్షన్, ప్రైమ్‌గ్రిడ్ వంటి ప్రాజెక్టులను ఒకేసారి చేర్చుకున్నప్పుడు పనులను ఎలా తెప్పించుకోవాలో చెప్పే అధ్యాయం తలమీద వేమన పాదం ఒకటి ఉంచాలని నా కోరిక. ‘సాధనమున పనులు చేకూరు ధరలోన’ అని నోటికి వస్తోంది గాని, ఆ క్రియ ‘చేకూరు’ అవునో కాదో రెండు రోజులుగా తేలడం లేదు. పెద్దలెవరైనా చెప్పగలరా?

ఛందోభిమాని:
‘సమకూరు’ అన్నదే సరైన పాఠం. పుస్తకం తెరవకుండానే దీనిని తేల్చవచ్చు. ఆటవెలది మూడవ పాదంలో నాలుగవ గణం మొదటి అక్షరం మీద యతి పడుతుంది, అంటే అది పాదం మొదటి అక్షరంతో మైత్రి కలిగి ఉండాలి. ‘సా’కు ‘స’ చక్కగా కుదురుతుంది. ‘చే’ పెడితే చకార సకారాల మధ్య హల్లుల మైత్రి ఉన్నా, ఆకారానికి ఏకారంతో అచ్చుల మైత్రి లేదు. ప్రాసయతి (రెండవ అక్షరాల పొత్తు) అని సమర్థించుకుందామన్నా ‘ధ’కు ‘కూ’తో పొత్తు కుదరదు. గణం వరకే చూసేవారికి ‘చేకూరు’ తగణంగా (రెండు గురువులు, ఒక లఘువు) సరిపోతుంది కాబట్టి ఈ పొరపాటు నోళ్లలో నిలిచిపోయింది.

నిఘంటుప్రియ:
యతి విషయంలో ఛందోభిమాని గారితో నాకు వివాదం లేదు. నాకున్న సందేహం అర్థం మీద. సొమ్ము సమకూరింది, సామగ్రి సమకూరింది అంటాము. అక్కడ సమకూరడం అంటే ఒకచోటికి వచ్చి చేరడమే. పని విషయంలో మాత్రం నెరవేరడం అని టీకాకారులు రాస్తూ వచ్చారు. అనువాదకుడు గారు పనులు తెప్పించుకునే అధ్యాయానికి ఈ పాదాన్ని ఎంచుకున్నారంటే, వారి మనసులో మొదటి అర్థమే ఉన్నదని నాకు అనిపిస్తోంది.

గణకసేవకుడు:
నిఘంటుప్రియ గారు సరైన చోట వేలు పెట్టారు. ఈ వ్యవహారంలో ఆ రెండు అర్థాలు ఒకదానికొకటి ఎదురు తిరుగుతాయి. పనులు ఎక్కువగా వచ్చి చేరితే అవి నెరవేరకుండా పోతాయి. బోయింక్‌లో ఎన్ని రోజులకు సరిపడా పనులు నిల్వ ఉంచాలో చెప్పే సెట్టింగ్ ఉంది. మొదట అది రోజులో పదోవంతుగా, అంటే 0.1గా ఉంటుంది, దానిమీద అదనంగా మరో 0.5 రోజు ఉంటుంది. కొత్తవారు ముందుజాగ్రత్త అనుకుని దానిని 10 రోజులకు పెంచుతారు. ఒకే ప్రాజెక్టు ఉన్నవారికి అది కొంతవరకు చెల్లుతుంది. ఆరేడు ప్రాజెక్టులు ఉన్నప్పుడు మాత్రం వాటి గడువులు వేరువేరుగా ఉంటాయి. కొన్నింటికి కొద్ది రోజులే, వాతావరణ నమూనాల వంటివాటికి చాలా ఎక్కువ. నిల్వ నిండిన తరువాత గడువు తప్పేలా ఉన్నదని లెక్క తేలగానే, క్లయింటు (మీ కంప్యూటరులో నడిచే బోయింక్ ప్రోగ్రాము) మీరు ఒక్కో ప్రాజెక్టుకు పెట్టిన వాటాలను తాత్కాలికంగా పక్కనబెట్టి, గడువు ముందుగా ముగిసే పనిని ముందు నడుపుతుంది. అప్పుడు ఏ ప్రాజెక్టు ఎందుకు ఆగిందో యజమానికి అంతుపట్టదు. గడువు దాటిన పనిని ప్రాజెక్టు సర్వరు మరొక కంప్యూటరుకు పంపుతుంది కాబట్టి, ఆలస్యంగా ముగించిన గణన చాలాసార్లు వృథా అవుతుంది. ఇంతటి చిక్కు ఉన్న అధ్యాయం తలమీద ‘పనులు సమకూరు’ అని ఉంటే, పాఠకుడు నిల్వ పెంచమనే సలహాగా చదువుకుంటాడని నా భయం.

ఛందోభిమాని:
గణకసేవకుడు గారి భయానికి పద్యంలోనే విరుగుడు ఉంది. ‘అనగననగ రాగమతిశయిల్లుచునుండు, తినగ తినగ వేము తియ్యనుండు’ అన్న తరువాత వచ్చే పాదమిది. ఆవృత్తి వలన ఫలం కలుగుతుందని రెండు దృష్టాంతాలు చెప్పిన కవి, మూడవచోట సరుకు పోగుపడటం గురించి మాట్లాడడు. అన్నట్టు, ఆ ‘రాగము’ను సంగీతపరంగా తీసుకోవడమే వాడుక అయినా, మాటాడగా మాటాడగా పెరిగే అనురాగమని చెప్పినా అన్వయం చెడదని నేను చాలాకాలంగా నమ్ముతున్నాను.

నిఘంటుప్రియ:
‘అతిశయిల్లు’ అన్న క్రియ అనురాగానికీ నప్పుతుంది కాబట్టి అది కొట్టిపారేయదగిన ఊహ కాదు. అయితే ‘సాధనము’ను మీరు అభ్యాసమని ఎందుకు కట్టేస్తున్నారు? సాధనమంటే పనిముట్టు కూడా. ‘వాలున నరికె’ అన్నప్పటి వలె ఈ ‘న’ తృతీయార్థంలో, అంటే ‘చేత’ అనే అర్థంలో, వచ్చిందనుకుంటే, పరికరం చేత పనులు నెరవేరుతాయని అర్థం వస్తుంది. కంప్యూటరును పనిముట్టుగా పెట్టుకున్న ఈ మార్గదర్శినికి అంతకంటే తగిన అన్వయం ఏముంటుంది?

ఛందోభిమాని:
తృతీయ అని ఒప్పుకున్నా అభ్యాసం చేత అన్న అర్థమే నిలుస్తుంది గాని, పనిముట్టు రాదు. వేపాకు తినడంలో ఏ పనిముట్టు ఉంది? ఇంకొక మాట: ‘న’ మీది ద్రుతాన్ని (చివరి నకారాన్ని) పాటిస్తే తరువాతి పరుషం ‘ప’ సరళం ‘బ’గా మారుతుంది కాబట్టి, ఆ పాదాన్ని ‘సాధనమునఁ బనులు’ అని రాయాలి. ‘పనులు’ అని పరుషంతో అచ్చువేసేవారు ఆ ద్రుతాన్ని మింగేస్తున్నారు. బ్రౌన్ 1829లో వేమన పద్యాలను అచ్చు వేయించిన నాటినుంచి పాఠాల మీద ఇంత చర్చ జరిగినా, ఈ ఒక్క అక్షరం దగ్గర మనం ఇంకా అజాగ్రత్తగానే ఉన్నాము.

అనువాదకుడు:
అందరికీ కృతజ్ఞతలు. ‘సమకూరు’ అని స్థిరపరుచుకున్నాను. ఇదే అధ్యాయంలో మరొక మాట నన్ను వేధిస్తోంది. ప్రతి ప్రాజెక్టుకూ కేటాయించే అంకెను ‘వాటా’ అనాలా, ‘వంతు’ అనాలా? పంచుకోవడమూ, ఒకరి తరువాత ఒకరు రావడమూ రెండూ ‘వంతు’లో ఉన్నాయి. క్లయింటు మామూలుగా 60 నిమిషాలకొకసారి ఒక పని నుంచి మరొక పనికి మారుతుంది కాబట్టి, ‘వంతు’ ఇక్కడ అచ్చంగా సరిపోతుందని నా అభిప్రాయం.

గణకసేవకుడు:
ఆ మాటలోని అందాన్ని నేను కాదనను, కాని అది పాఠకుణ్ని తప్పుదారి పట్టిస్తుంది. ఆ అంకె నిష్పత్తి మాత్రమే. శాతం కాదు, నిమిషాల లెక్క అంతకంటే కాదు. మూడు ప్రాజెక్టులకు 100, 100, 200 అని ఇస్తే, మూడవదానికి సగం, మిగిలిన రెండింటికి చెరో పాతిక వస్తాయి. నాలుగవదాన్ని 100తో చేర్చగానే ఎవరి అంకెనూ ముట్టుకోకపోయినా మూడవదాని భాగం సగం నుంచి ఐదింట రెండుకు పడిపోతుంది. పైగా ఈ నిష్పత్తి కొన్ని రోజుల సగటు మీద నెరవేరుతుంది గాని, ఏ గంటకాగంట చూస్తే కనిపించదు. నాలుగు కోర్ల ప్రాసెసరులో నాలుగు ప్రాజెక్టుల పనులు ఒకేసారి నడుస్తున్నప్పుడు ఎవరి వంతు ఎవరి తరువాత వచ్చినట్టు? అందువలన ‘వాటా’ అనడమే క్షేమం.

అంకె సున్నా ఇస్తే ఏమవుతుందో కూడా తప్పక రాయండి. ఆ ప్రాజెక్టు ఆగిపోదు. మిగిలినవేవీ పని ఇవ్వలేనప్పుడు మాత్రమే, నిల్వ లేకుండా పని తెచ్చుకుంటుంది. గ్రహాంతర జీవుల సంకేతాలను వెతకడానికి 1999 మే 17న మొదలైన సేటీ ఎట్ హోమ్ 2020 మార్చి 31 తరువాత కొత్త పనులు పంపడం ఆపినప్పుడు, దానిని ఒక్కదాన్నే నమ్ముకున్న కంప్యూటర్లు పని లేక నిలిచాయి. సున్నా వాటాతో మరొకటి ఉంచుకున్నవారికి ఆ ఇబ్బంది రాలేదు. ఇలాంటిదే మరొక ప్రాజెక్టు అయిన ఫోల్డింగ్ ఎట్ హోమ్ బోయింక్‌లో భాగం కాదనీ, దాని క్లయింటు వేరనీ, ఈ వాటాలు దానికి వర్తించవనీ కూడా చెప్పాలి. రెండింటినీ కలిపి నడిపేవారు ప్రాసెసరును ముందుగానే పంచిపెట్టుకోవాలి.

నిఘంటుప్రియ:
సున్నా వాటాకు కూడా పని దక్కుతుందంటే, ‘వాటా’ అన్న మాట సైతం పూర్తిగా నిలబడలేదు. ఆస్తి పంపకంలో సున్నా వాటా అంటే ఏమీ లేదనే అర్థం. ‘వంతు’ అయితే అందరూ తప్పుకున్నాక తన వంతు వచ్చిందని సహజంగా చెప్పవచ్చు.

గణకసేవకుడు:
ఆ ఒక్క చోట ‘వంతు’ నెగ్గుతుంది. ఇక వేమన పాదం గురించి, పనిముట్టు వాదానికి విరుద్ధంగా నేనొకటి చెప్పదలచాను. కొత్త ప్రాజెక్టు చేరినప్పుడు ఒక పనికి ఎంత సమయం పడుతుందో అంచనా సరిగా ఉండదు. కొన్ని పనులు ముగిసి, వాటికి నిజంగా పట్టిన సమయం లెక్కలోకి వచ్చిన కొద్దీ అంచనా సరిపడుతుంది. ఆ అంచనాను బట్టే ఎన్ని పనులు అడగాలో నిర్ణయం జరుగుతుంది. అందువల్ల ప్రాజెక్టులను ఒక్కొక్కటిగా, నిల్వను తక్కువగా ఉంచి చేర్చి, అంచనాలు కుదిరాక తరువాతిదాన్ని చేర్చడం మంచి పద్ధతి. ‘తినగ తినగ’ అన్నది ఇక్కడ యంత్రం విషయంలోనే నిజమవుతున్నది కాబట్టి, సాధనము అంటే అభ్యాసమేనని నేనూ అంటాను.

నిఘంటుప్రియ:
అభ్యాసం చేసేది పనిముట్టే అయినప్పుడు నా అర్థం ఓడిపోయినట్టు ఎలా అవుతుంది?

అనువాదకుడు:
ఈ పాదాన్ని పనులు తెప్పించుకునే అధ్యాయం నుంచి తీసి, కొత్త ప్రాజెక్టులు చేర్చే అధ్యాయానికి మారుస్తున్నాను. నిల్వ సంగతి దాని పక్కనే, 0.1 అంకెతో సహా, స్పష్టంగా రాస్తాను. వాటా, వంతు అన్న మాటల మీద ఇంకా ఆలోచిస్తున్నాను.

ఛందోభిమాని:
మార్చండి, కాని అచ్చులో ‘సాధనమునఁ బనులు’ అని అరసున్నతో వేస్తారో, వాడుకను అనుసరించి ‘పనులు’ అనే ఉంచుతారో ముందుగా చెప్పండి.