నర్సింగ్ చదువుకు ఫోన్లో ఏది నమ్మాలి? వీడియోలో ఒకటి, వార్డులో ఒకటి

ప్రశ్న: బీఎస్సీ నర్సింగ్ నాలుగో సెమిస్టర్ విద్యార్థిని, గాజువాక

అందరికీ నమస్కారం. మాది ప్రైవేట్ కాలేజీ. లైబ్రరీలో మెడికల్ సర్జికల్ పుస్తకాలు ఉన్నవే కొన్ని, అవీ పాత ఎడిషన్లు. ఎప్పుడు వెళ్లినా ఎవరో ఒకరి చేతిలో ఉంటాయి. కొందామంటే ధర చూసి భయమేస్తోంది. అందుకని కేర్ ప్లాన్ (పేషెంటుకి చేయాల్సిన సేవల ప్రణాళిక) రాయాలన్నా, డ్రగ్ కార్డు (ఒక్కో మందు వివరాల కార్డు) రాయాలన్నా ఫోనే దిక్కు. టెన్షన్ అంతా అక్కడే. ఒక వీడియోలో షుగర్ 4 నుంచి 7 మధ్య ఉంటే నార్మల్ అన్నారు. మేం పోస్టింగులో చార్టు మీద 140, 210 అని రాస్తున్నాం. ఇంకో సైట్లో మా పేషెంటుకి రాసిన మందు పేరు కొడితే అసలు రావడమే లేదు. ఉచితంగా దొరికేవి, మేడమ్ అడిగితే ధైర్యంగా చూపించగలిగేవి ఏమున్నాయో చెప్పండి. ఏడో సెమిస్టర్‌లో రీసెర్చ్ కూడా ఉందట. ఆర్టికల్స్ ఎక్కడ వెతకాలో ఇప్పటి నుంచే తెలిస్తే మంచిది కదా.

జవాబు: ఫైనలియర్ విద్యార్థిని, మహారాణిపేట

పుస్తకాల సంగతి నేను చెబుతాను. ఓపెన్‌స్టాక్స్ అని కొట్టి చూడు. ఫండమెంటల్స్, ఫార్మకాలజీ, మెడికల్ సర్జికల్, మెటర్నల్ న్యూబార్న్, సైకియాట్రిక్, అన్నీ పూర్తి పుస్తకాలే. డబ్బు కట్టక్కర్లేదు, పీడీఎఫ్ దించుకోవచ్చు. ఓపెన్ ఆర్ఎన్ అని ఇంకో వరుస ఉంది, ప్రొసీజర్లు మెట్టు మెట్టుగా రాస్తారు. సిలబస్ మాత్రం ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ సైట్లోనే చూసుకో. 2021లో సెమిస్టర్ పద్ధతి నిబంధనలు వచ్చాక యూనిట్లు మారాయి. సీనియర్ల నోట్సు పాత సిలబస్‌వి అయితే సగం మనకు పనికిరావు, సగం మనకు కావాల్సినవి అందులో ఉండవు.

జవాబు: స్టాఫ్ నర్స్, ఐసీయూ, సీతమ్మధార

చెల్లీ, ముందు నీ షుగర్ గొడవ తీరుస్తాను. ఆ వీడియో తప్పు చెప్పలేదు, మీ చార్టూ తప్పు కాదు. బ్రిటన్‌లో గ్లూకోజ్‌ని మిల్లీమోల్స్‌లో కొలుస్తారు, మనం మిల్లీగ్రాముల్లో కొలుస్తాం. వాళ్ల అంకెను 18తో గుణిస్తే మన అంకె వస్తుంది. 4 అంటే 72, 7 అంటే 126. చార్టు మీద 210 ఉంటే వాళ్ల లెక్కలో 11.7. విదేశీ సైట్లో ఏ ల్యాబ్ విలువ చూసినా, అంకె కంటే ముందు దాని పక్కనున్న యూనిట్ చూడు.

మందు పేరు రాకపోవడం కూడా ఇలాంటిదే. అమెరికా సైట్లో పారాసెటమాల్ అని వెతికితే అసిటమినోఫెన్ కింద ఉంటుంది. సాల్బుటమాల్‌ని ఆల్బ్యుటెరాల్ అంటారు, అడ్రినలిన్‌ని ఎపినెఫ్రిన్ అంటారు, పెథిడిన్ వాళ్లకు మెపెరిడిన్. లిగ్నోకెయిన్ అయితే లిడోకెయిన్ అని కొట్టాలి. ఇక మన దగ్గర కేస్ షీట్ మీద సగం బ్రాండు పేర్లే. అవి అక్కడ చాలావరకు దొరకవు. స్ట్రిప్ వెనకో, యాంప్యూల్ మీదో సన్న అక్షరాల్లో ఉన్న జెనరిక్ పేరు, అంటే మందు అసలు పేరు చూసి దాంతో వెతకాలి. నా సలహా అడిగితే, మందులకు బ్రిటన్ వాళ్ల ఎలక్ట్రానిక్ మెడిసిన్స్ కాంపెండియం తెరువు. అక్కడి పేర్లు మన పేర్లకు దగ్గరగా ఉంటాయి. అమెరికా వాళ్ల డైలీమెడ్ కూడా మంచిదే, అందులో కంపెనీలు ఇచ్చిన లేబుల్ మొత్తం ఉంటుంది. పేషెంటుకి అర్థమయ్యే భాషలో చెప్పడం నేర్చుకోవాలంటే మెడ్‌లైన్‌ప్లస్ చదువు.

ఇప్పుడు అసలు సంగతి. ఇన్సులిన్ ఇచ్చే అమెరికా వీడియోల్లో సీసా మీద మిల్లీలీటరుకు 100 యూనిట్లు అని ఉంటుంది. మన వార్డుల్లో ఎక్కువగా కనబడే సీసా 40 యూనిట్లది. 40కి ఎర్ర మూత సిరంజి, 100కి నారింజ మూత సిరంజి. 100 యూనిట్ల మందును ఎర్ర మూత సిరంజిలో 20 గీత దాకా లాగావనుకో, చూడ్డానికి 20 యూనిట్లే. కానీ లోపల ఉన్నది అర మిల్లీలీటరు, అంటే 50 యూనిట్లు. పేషెంటు షుగర్ ఎక్కడికి పడిపోతుందో నువ్వే ఊహించుకో. అటుదిటు చేస్తే, అంటే 40 మందును నారింజ మూత సిరంజిలో 20 దాకా లాగితే, వెళ్లేది 8 యూనిట్లే. ఇన్సులిన్ పెన్నులో వేసే కార్ట్రిడ్జి మన దగ్గర కూడా 100దే, అందులోంచి ఎర్ర సిరంజితో ఎప్పుడూ లాగకూడదు. వీడియోలో సిరంజి పట్టుకునే తీరు, చర్మం శుభ్రం చేసే తీరు నేర్చుకో. సీసా అంకె, సిరంజి అంకె మాత్రం నీ చేతిలో ఉన్నవి చదివి కలుపుకో. చార్టు మీద యూనిట్లు అని మొత్తం పదం రాయి. ఇంగ్లిష్ యు అక్షరం ఒక్కటే రాస్తే సున్నాలా కనబడి 10 కాస్తా 100 అవుతుంది. ఇలాంటి ప్రమాదకరమైన పొడి అక్షరాల జాబితాను ఐఎస్ఎంపీ అనే సంస్థ ఉచితంగా పెట్టింది. ప్రింటు తీసి డ్యూటీ రూములో అంటించదగ్గది.

ఇంకొకటి. ఇంజెక్షన్ డబ్బాలో మడిచి పెట్టిన కాగితం ఉంటుంది చూడు, అందరూ చెత్తబుట్టలో పడేస్తారు. అదీ రిఫరెన్సే. మూర్ఛకి ఇచ్చే ఫెనిటోయిన్‌నే ఉదాహరణగా తీసుకో. డెక్స్‌ట్రోజ్‌లో కలిపితే స్ఫటికాలు కడుతుంది, అందుకే నార్మల్ సెలైన్‌లోనే కలుపుతాం. పెద్దవాళ్లకి నిమిషానికి 50 మిల్లీగ్రాములు మించి ఎక్కించకూడదు. ఆ కాగితంలో ఇది ఉంటుంది, నువ్వు సగం చూసి ఆపేసిన వీడియోలో ఉండకపోవచ్చు.

జవాబు: నార్‌సెట్‌కి (ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ ఉద్యోగ పరీక్ష) ప్రిపేరవుతున్న అభ్యర్థి, మధురవాడ

ఇంత అవసరమా అక్కా? నేను టెలిగ్రామ్ గ్రూపుల్లో వచ్చే పీడీఎఫ్‌లు, బిట్లు చదువుకుంటున్నాను. కేర్ ప్లాన్లకి నర్సెస్‌ల్యాబ్స్ ఉంది, చూసి రాసేస్తే అయిపోతుంది. పరీక్షకి అవి చాలు.

జవాబు: నర్సింగ్ ట్యూటర్, ఎంవీపీ కాలనీ

బాబూ, బిట్లు చదవొద్దని ఎవరూ అనరు. కానీ నార్‌సెట్‌లో తప్పు జవాబుకి మూడో వంతు మార్కు పోతుంది. ఆ పీడీఎఫ్‌ల్లో కీ ఎవరు తయారు చేశారో పేరుండదు. ఒక ఉదాహరణ చూడు. గుండె ఆగినప్పుడు చేసే సీపీఆర్‌లో నిమిషానికి ఎన్ని కంప్రెషన్లు, అంటే ఛాతీ మీద ఎన్ని నొక్కులు? 2010 మార్గదర్శకాల్లో కనీసం 100 అన్నారు. 2015 నుంచి 100 నుంచి 120. పాత బిట్టులో కనీసం 100 అనే కీ ఇంకా తిరుగుతూనే ఉంటుంది. తేదీ లేని కాగితాన్ని నేనైతే క్లాసులోకి రానివ్వను. నోటిఫికేషన్ కోసం కూడా గ్రూపుల మీద ఆధారపడకుండా ఎయిమ్స్ పరీక్షల సైట్ చూడు.

కేర్ ప్లాన్ల సంగతి. నర్సెస్‌ల్యాబ్స్‌లో నమూనాలు బాగానే ఉంటాయి, ఎలా రాయాలో తెలియడానికి చూడొచ్చు. చూసి దింపేస్తే మాత్రం మాకు ఇట్టే తెలిసిపోతుంది. పేషెంటు గోపాలపట్నంలో ఆటో తోలుకునే మనిషి అయితే, ప్లాన్‌లో ఓట్‌మీల్, సాల్మన్ చేప తినమని రాసుంటుంది! ఆయన ఇంట్లో వండేది అన్నం, పప్పు, చేపల పులుసు. ఉప్పు తగ్గించమనాలంటే ఆవకాయ, అప్పడం, ఎండుచేప గురించి అడగాలి.

వ్యాధి గురించి చదవడానికి స్టాట్‌పెర్ల్స్ వాడండి. ఎన్‌సీబీఐ బుక్‌షెల్ఫ్‌లో ఉచితం. పేజీ పైనే చివరిసారి ఎప్పుడు సవరించారో తేదీ ఉంటుంది. చేతుల శుభ్రత, ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ లాంటివి ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రాల నుంచే తీసుకోండి.

ఆర్టికల్స్‌కి పబ్‌మెడ్, వైద్య పరిశోధన వ్యాసాలు వెతికే ఉచిత సైట్. అందరూ చేసే పని ఏమిటంటే, టాపిక్ మొత్తం ఒక వాక్యంగా టైపు చేసి, ఏమీ రాలేదని వదిలేస్తారు. టాపిక్‌ని ముక్కలు చేయాలి. పడక పుండ్లు రాకుండా పొజిషన్ మార్చడం మీద ప్రాజెక్టు అనుకోండి. ఒక ముక్క ప్రెషర్ అల్సర్, ఇంకో ముక్క పేషెంట్ పొజిషనింగ్, మధ్యలో పెద్ద అక్షరాలతో యాండ్. 2016లో అమెరికా నిపుణుల సంస్థ ప్రెషర్ ఇంజురీ అనే పేరు తెచ్చింది కాబట్టి ఆ పేరుతో కూడా మళ్లీ వెతకాలి. ఆ రెండు పేర్ల మధ్య ఆర్ పెడితే ఒకేసారి వస్తాయి. ఎడమ పక్క ఫ్రీ ఫుల్ టెక్స్ట్ అని గడి ఉంటుంది, దాన్ని నొక్కితే డబ్బు అడగని ఆర్టికల్స్ మాత్రమే మిగులుతాయి. మన దేశంలో చేసిన స్టడీలు కావాలంటే ఇండియా అని జోడించండి. ప్రశ్నావళి ఎలా తయారు చేస్తారో చూడాలంటే శోధ్‌గంగలో పీహెచ్‌డీ థీసిస్‌లు ఉంటాయి. చూసి నేర్చుకోండి, ఎత్తి రాయొద్దు.

ప్రభుత్వ కాలేజీల పిల్లలకు ఇంకో దారి కూడా ఉంది. 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద 30 మంది ప్రచురణకర్తలకు చెందిన దాదాపు 13,000 జర్నల్స్ ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు తెరిచారు. మీ సంస్థ నమోదై ఉందో లేదో లైబ్రేరియన్‌ని అడగండి. చాలాచోట్ల పిల్లలు అడగరు, వాళ్లు చెప్పరు.

ప్రశ్న అడిగిన విద్యార్థిని:

మేడమ్, మాది ప్రైవేట్ కాబట్టి అది మాకు రాదన్నమాట. అయితే మా క్లాసులో కొందరు చాట్‌బాట్‌ని అడిగి రిఫరెన్సులు రాయించుకుంటున్నారు. చూడ్డానికి అచ్చం నిజమైనవే లాగ ఉన్నాయి. వాడొచ్చా?

జవాబు: నర్సింగ్ ట్యూటర్, ఎంవీపీ కాలనీ

అర్థం కాని పేరాని తేలిక భాషలో చెప్పించుకోవడానికి వాడమ్మా, తప్పులేదు. రిఫరెన్సు మాత్రం దాని మాట మీద రాయొద్దు. లేని ఆర్టికల్‌కి రచయితల పేర్లు, సంవత్సరం, పేజీ నంబర్లతో సహా కల్పించేస్తుంది. శీర్షికని యథాతథంగా పబ్‌మెడ్‌లో పెట్టు. అక్కడ దొరకకపోతే డీఓఐ నంబరుతో, అంటే ఆర్టికల్‌కి ఇచ్చే శాశ్వత గుర్తింపు నంబరుతో చూడు. రెండు చోట్లా లేకపోతే కొట్టెయ్. పేషెంటు పేరు, కేస్ షీట్ ఫొటో దాంట్లో ఎక్కించకండి. వాట్సాప్ గ్రూపుల్లో కూడా పెట్టకండి, ఎంత చెప్పినా ఇది ఆగడం లేదు.

ప్రశ్న అడిగిన విద్యార్థిని:

సరే మేడమ్. అక్కా, ఆఖరుగా ఒకటి. మొన్న పోస్టింగులో యాంటీబయాటిక్ ఇచ్చాక ఒక పేషెంటుకి ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయి. సిస్టర్ వెంటనే ఆపి డాక్టర్‌ని పిలిచారు, తగ్గిపోయింది. ఇలాంటివి ఎక్కడైనా నమోదు చేస్తారా?

జవాబు: స్టాఫ్ నర్స్, ఐసీయూ, సీతమ్మధార

చేస్తారు, డాక్టర్లే కాదు, నర్సులూ చేయొచ్చు. ఫార్మకోవిజిలెన్స్ ప్రోగ్రామ్ ఆఫ్ ఇండియా అని ఘాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడుపుతుంది. సైట్లో అనుమానిత దుష్ప్రభావాల ఫారం ఉంటుంది. పేషెంటు పూర్తి పేరు అక్కర్లేదు, పొడి అక్షరాలు చాలు. మందు పేరు, బ్యాచ్ నంబరు, ఎప్పుడు మొదలుపెట్టారు, దద్దుర్లు ఎప్పుడొచ్చాయి, ఆపాక ఏమైంది, ఇవి కావాలి. బ్యాచ్ నంబరు కోసం వయల్ పారేయకుండా ఉంచాలి. టోల్ ఫ్రీ నంబరు 1800 180 3024. నువ్వు స్టూడెంటువి కాబట్టి ముందు వార్డు ఇన్‌చార్జి సిస్టర్‌కి చెప్పి, ఆవిడతో కలిసి ఫారం నింపు. అలెర్జీ సంగతి కేస్ షీట్ మొదటి పేజీ మీద ఎర్ర ఇంకుతో రాశారో లేదో కూడా రేపు వెళ్లగానే చూడు.