చెవికి, చేతికి పెట్టుకునే కొత్త పరికరాలు: మీ ఇళ్లల్లో నిజంగా ఏం మారింది?

తొలిచినుకు:
నాన్నగారికి డెబ్బై దాటాయి. వినికిడి బాగా తగ్గింది, ఈమధ్య ఒకసారి కళ్లు తిరిగి పడ్డారు కూడా. వినికిడికి సాయపడే ఇయర్‌బడ్స్, పడిపోతే తనే ఫోన్ చేసే వాచీ కొందామని అన్నయ్య అంటున్నాడు. రివ్యూలు చాలానే చదివాం, అన్నీ మొదటి వారం ముచ్చట్లే. కొన్నాక రోజులు ఎలా మారాయి, ఏది వాడుకలో నిలిచింది, ఏది మూలన పడింది, ఇంట్లోవాళ్లు ఏం మార్చుకోవాల్సి వచ్చింది? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. పెద్దవాళ్ల గురించే కానక్కర్లేదు.

పాతరేడియో:
అలాంటి ఇయర్‌బడ్స్ నేనే పెట్టుకుంటాను కాబట్టి చెబుతున్నా. వయసుతో వచ్చే చెవుడులో ముందు తగ్గేది ఎక్కువ ఫ్రీక్వెన్సీ ఉన్న సన్నటి శబ్దాలు. అచ్చులు బాగానే వినిపిస్తాయి. స, త, క, ఫ లాంటి హల్లులు జారిపోతాయి. ‘తల’ అన్నా ‘కల’ అన్నా నాకు ఒకేలా ఉండేది. మాట వినపడుతుంది, ఏమన్నారో తెలియదు. ఇంట్లోవాళ్లకి ఇది అర్థం కాక గొంతు పెంచుతారు. అరిస్తే అచ్చులే పెద్దవవుతాయి, పైగా తిడుతున్నట్టు అనిపించి మనసు చివుక్కుమంటుంది. అందరికంటే మా మనవరాలి మాటలే నాకు తక్కువ అందేవి, దాని గొంతు సన్నం కదా.

ఆడియోగ్రామ్‌కి, అంటే వినికిడి పరీక్షలో వచ్చే చార్టుకి, తగ్గట్టు ఇయర్‌బడ్స్ సెట్ చేశాక మొదట్లో చిరాకే ఎక్కువ. కాగితం మడిచినా, కుళాయి తిప్పినా ఉలిక్కిపడేవాణ్ని. నా గొంతు నాకే బిందెలో మాట్లాడినట్టు వినిపించేది. ఏళ్ల తరబడి వినని శబ్దాలు ఒక్కసారిగా వచ్చి పడతాయి, మెదడు వాటికి సర్దుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది. చాలామంది సరిగ్గా ఇక్కడే విసిగి డ్రాయర్‌లో పడేస్తారు. నాన్నగారిని ముందు నిశ్శబ్దంగా ఉన్న గదిలో, ఒక్క మనిషితో, కాసేపే మాట్లాడమనండి. పదిమంది మధ్యకి తర్వాత వెళ్లవచ్చు.

ఇప్పుడు మనవరాలి కబుర్లు నాకు నేరుగా అందుతున్నాయి. అది చెప్పింది మళ్లీ ఇంకొకరు చెప్పక్కర్లేదు. ఒక్క ఇబ్బంది ఏంటంటే, చెవిలో ఇయర్‌బడ్స్ చూసి కొత్తవాళ్లు నేను పాటలు వింటున్నాననుకుని మాట్లాడ్డం మానేస్తారు. వినడానికే పెట్టుకున్నానని ముందే చెప్పేస్తుంటాను.

చెవిపోగు:
వినికిడి పరీక్షలు చేసే ఆడియాలజిస్టుగా పాతరేడియో గారి మాటకి కొంచెం చేరుస్తాను. అమెరికాలో 2022 అక్టోబరు నుంచి ప్రిస్క్రిప్షన్ లేకుండా హియరింగ్ ఎయిడ్స్ అమ్మడానికి అక్కడ మందులు, వైద్య పరికరాలకి అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ వీలు కల్పించింది. 2024 సెప్టెంబరులో యాపిల్ ఇయర్‌బడ్స్ అయిన ఎయిర్‌పాడ్స్ ప్రో 2తో పనిచేసే వినికిడి సాఫ్ట్‌వేర్‌కీ అనుమతి ఇచ్చింది. రెండూ 18 ఏళ్లు నిండినవాళ్లకి, అదీ కొద్దిపాటి నుంచి ఒక మోస్తరు లోపం ఉన్నవాళ్లకే. తీవ్రమైన చెవుడుకి ఇవి సరిపోవు. ఇంకొకటి, ఇయర్‌బడ్స్ ఛార్జింగ్ కొన్ని గంటలే వస్తుంది. పొద్దున పెట్టుకుంటే రాత్రి దాకా పనిచేసేది అసలు హియరింగ్ ఎయిడే.

తొలిచినుకు గారూ, కొనేముందు పరీక్ష చేయించండి. ఒక్క చెవే తగ్గినా, హఠాత్తుగా తగ్గినా, నొప్పి, చీము, తల తిరగడం లాంటివి ఉన్నా ముందు ఈఎన్‌టీ డాక్టర్ చూడాలి. ఆయన కళ్లు తిరిగి పడ్డారన్నారు, దాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. కొందరికి గట్టిపడిన గులిమి తీయగానే వినికిడి మెరుగవుతుంది, ఏ పరికరమూ అక్కర్లేదు.

నీలిగోళం:
మా అక్కకి పుట్టుకతోనే వినపడదు. మాకు వాచీలూ ఇయర్‌బడ్స్ కావు, ఫోన్‌లో మాటల్ని అక్షరాలుగా చూపించే యాప్ మేలు చేసింది. గూగుల్ లైవ్ ట్రాన్స్‌క్రైబ్ 2019లో వచ్చింది, వినికిడి లేనివాళ్ల కోసం అమెరికాలో నడిచే గల్లాడెట్ యూనివర్సిటీతో కలిసి తయారుచేశారు. తెలుగులోనూ పనిచేస్తుంది. పేర్లు తప్పుగా వేస్తుంది, మధ్యలో ఇంగ్లిష్ కలిపితే తికమకపడుతుంది.

అసలు మార్పు మాలో వచ్చింది. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే తెర మీద అంతా కలగాపులగం అయిపోతుంది. అందుకని ఫోన్ మధ్యలో పెట్టి ఒకరి తర్వాత ఒకరం మాట్లాడుతున్నాం. ఇదివరకు అందరం నవ్వాక “ఏంటి?” అని అక్క సైగ చేసేది, “ఏం లేదులే” అనేవాళ్లం. ఆ “ఏం లేదులే” మా ఇంట్లో ఇప్పుడు లేదు.

వెలుగునీడ:
నాకు చూపు లేదు. కొత్త టెక్నాలజీ నాకు ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కుంటోంది. 2009లో ఐఫోన్ 3జీఎస్‌లో వాయిస్‌ఓవర్ వచ్చింది, తెర మీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్ అది. నున్నటి గాజు తెరని కూడా చూపులేనివాళ్లు వాడగలరని అప్పుడే తేలింది. ఆండ్రాయిడ్‌లో అలాంటిదే టాక్‌బ్యాక్ ఉంది. ఉత్తరాలు, బిల్లులు, మెసేజ్‌లు ఎవరి చేతా చదివించుకోను. 2015లో వచ్చిన బీ మై ఐస్ యాప్‌లో వాలంటీర్‌కి వీడియో కాల్ చేసి మందు సీసా మీద ఏముందో అడగవచ్చు.

మరి ఇంట్లో వస్తువులో? పాత వాషింగ్ మెషీన్‌కి తిప్పే నాబ్ ఉండేది, ఎన్ని క్లిక్‌లకి ఏ వాష్ వస్తుందో వేళ్లకి తెలుసు. కొత్తదాని ముందుభాగమంతా చదునైన టచ్ ప్యానెల్. వేలు తగిలితే చాలు, ఏదో ఒకటి మారిపోతుంది, ఏది మారిందో చెప్పదు. స్టార్ట్ దగ్గర, పవర్ దగ్గర ఉబ్బెత్తు రబ్బరు చుక్కలు అతికించుకుని నెట్టుకొస్తున్నా. ఫోన్ యాప్‌తో నడపవచ్చన్నారు, ఆ యాప్‌లో బటన్లకి పేర్లే పెట్టలేదు. స్క్రీన్ రీడర్ “బటన్, బటన్, బటన్” అని చదువుతుంది. బటన్‌కి పేరు పెట్టడం తయారీదారుకి పెద్ద పని కాదు. నా బట్టలు నేను ఉతుక్కోగలనా లేదా అన్నది దాని మీదే ఆధారపడి ఉంది. పెద్దవాళ్లకి ఏది కొన్నా, నొక్కితే వేలికి తెలిసే బటన్ ఉందో లేదో చూసి కొనండి.

మెట్లదారి:
మా మామయ్య వాడుతున్నారు కాబట్టి వాచీ సంగతి నేను చెబుతా. గట్టిగా పడితే ముందు మణికట్టు మీద తట్టి, అలారం మోగిస్తుంది. సుమారు నిమిషం పాటు కదలిక లేకపోతే ఎమర్జెన్సీ నంబర్‌కి తనే కాల్ చేస్తుంది. యాపిల్ వాచ్‌లో ఇది 2018 నుంచి ఉంది, వయసు 55 దాటిందని నమోదై ఉంటే దానంతటదే ఆన్ అవుతుంది. కుర్చీలోంచి మెల్లగా జారిపోతే గుర్తించకపోవచ్చు. సిమ్ లేని మోడల్ అయితే ఫోన్ దగ్గర్లో ఉండాలి, లేదంటే వాచీ ముందే వాడిన వైఫై ఉండాలి. ఈసీజీ కూడా తీస్తుంది కానీ గుండెపోటుని పట్టుకోలేదు. ఛాతీలో నొప్పి వస్తుంటే వాచీ చూస్తూ కూర్చోవద్దని నాన్నగారికి గట్టిగా చెప్పండి.

ముఖ్యమైనది ఛార్జింగ్ వేళ. అందరూ రాత్రి తీసి పెడతారు. పెద్దవాళ్లు చీకట్లో బాత్రూమ్‌కి లేచి పడిపోయేది అప్పుడే కదా. మామయ్య సాయంత్రం టీవీ చూస్తూ ఛార్జ్ పెట్టి, పడుకునేముందు కట్టుకుంటారు.

సన్నజాజి:
వాచీ మంచిదే, కానీ నిద్ర స్కోర్ మాత్రం ఆఫ్ చేయండి. నాకు దానితోనే టెన్షన్ పట్టుకుంది. లేచేసరికి హాయిగా ఉన్నా, స్కోర్ తక్కువ చూపిస్తే రోజంతా నీరసంగా అనిపించేది. ఇలా లెక్కల వెంటపడి నిద్ర పాడుచేసుకోవడానికి పరిశోధకులు 2017లోనే ఆర్థోసోమ్నియా అని పేరు పెట్టారు. గుండె కొట్టుకోవడంలో తేడా వస్తే చెప్పే అలర్ట్ ఒక్కటే ఉంచుకున్నా.

కిటికీపక్కన:
ఇంకెవరూ ఎత్తలేదు కాబట్టి నేను అంటున్నా. నాన్నగారిని అడిగారా? మా అమ్మ ఒంటరిగా ఉంటుందని తమ్ముడు హాల్లో కెమెరా పెట్టించాడు. అమ్మ దాన్ని గోడవైపు తిప్పేసింది. మళ్లీ సరిచేస్తే మళ్లీ తిప్పేసింది. “నన్ను చూడాలంటే రండి, లేకపోతే ఫోన్ చేయండి. నేను జుట్టు ముడేసుకుంటుంటే మీరు ఆఫీసులో కూర్చుని చూడ్డమేంటి?” అంది. ఆవిడ అన్నదే న్యాయం అనిపించింది.

చివరికి తలుపుకి చిన్న సెన్సర్ పెట్టాం, అమ్మే ఒప్పుకుంది. పొద్దున తలుపు తీస్తే మాకు ఒక మెసేజ్ వస్తుంది, అంతే. రాకపోతే ఫోన్ చేస్తాం. ఆ మెసేజ్ తమ్ముడికి చాలడంలేదు, ఇంకా కెమెరా మాటే ఎత్తుతుంటాడు. మన బెంగ తీరడానికి వాళ్ల ఇంటిని వాళ్లకి కాకుండా చేయడం నాకు ఇష్టం లేదు.

తొలిచినుకు:
అందరికీ చాలా థాంక్స్. నాన్నగారికి ఈ చర్చంతా చదివి వినిపించాను. వాచీ కట్టుకుంటానన్నారు, ఎక్కడ ఉన్నారో మాకు ఎప్పుడూ కనిపించే సెట్టింగ్ మాత్రం వద్దన్నారు. సరేనన్నాం. చెవి పరీక్షకి, డాక్టర్‌కి అపాయింట్‌మెంట్ తీసుకున్నాం, అది అయ్యాకే ఇయర్‌బడ్స్ సంగతి. వాచీలో ఎమర్జెన్సీ కాంటాక్ట్‌గా అన్నయ్య నంబర్ పెట్టాలా, నాదా?

మెట్లదారి:
ఇద్దరివీ పెట్టండి. వీటితోపాటు పక్కింటివాళ్లలో ఎవరిదైనా ఒకరిది, వాళ్లని ముందే అడిగి. ఆపదలో వాచీ పంపే మెసేజ్ మీ ఇద్దరికీ వచ్చినా మీరు చేరేలోపు తలుపు కొట్టగలిగేది వాళ్లే. తాళంచెవి కూడా ఒకటి వాళ్ల దగ్గర ఉంచండి.