ఎఫ్‌సీసీలో డ్రై గ్యాస్ పెరిగింది, హైడ్రోజన్ నిష్పత్తి మాత్రం మారలేదు. కారణం ఎలా పట్టుకోవాలి?

మా రిఫైనరీ ఎఫ్‌సీసీ యూనిట్‌లో (బరువైన నూనెను క్యాటలిస్ట్‌తో పెట్రోల్ లాంటి తేలిక ఉత్పత్తులుగా విడగొట్టేది) ఆరు వారాలుగా డ్రై గ్యాస్ (హైడ్రోజన్, మీథేన్, ఇథేన్, ఇథిలీన్) 3.3 నుంచి 4.5 బరువు శాతానికి పెరిగింది. కోక్ (క్యాటలిస్ట్ మీద పేరుకునే కార్బన్) కూడా పెరిగి, దాన్ని కాల్చే రీజెనరేటర్ బెడ్ 698 నుంచి 711 డిగ్రీలకు చేరింది. ఈ గ్యాస్‌ని లాగే వెట్ గ్యాస్ కంప్రెసర్ సామర్థ్యం అంచు మీద నడుస్తోంది, అదే అసలు టెన్షన్. ఫీడ్ ఎప్పటి వీజీఓనే (వాక్యూమ్ గ్యాస్ ఆయిల్), కోక్‌గా మారే గుణాన్ని చెప్పే కాన్రాడ్సన్ కార్బన్ 0.4 శాతం దాటలేదు. రైజర్ (ఫీడ్, క్యాటలిస్ట్ కలిసి పైకెళ్లే క్రాకింగ్ పైపు) అవుట్‌లెట్ 530 డిగ్రీలు.

అందరిలాగే నేనూ ముందు నికెల్‌ని (ఫీడ్‌తో వచ్చి క్యాటలిస్ట్ మీద చేరి హైడ్రోజన్ పెంచే లోహం) అనుమానించాను. పది రోజులు, దాన్ని అణిచే యాంటిమొనీ డోస్ పెంచాం, తాజా క్యాటలిస్ట్ ఎక్కువ వేశాం. ఏమీ తేడా లేదు. తర్వాత చూస్తే హైడ్రోజన్–మీథేన్ నిష్పత్తి మొదటి నుంచీ 0.7 దగ్గరే ఉంది. పెరిగింది మీథేన్, ఇథిలీన్‌లే. అంటే లోహాల పని కాదు, థర్మల్ క్రాకింగే (క్యాటలిస్ట్ వల్ల కాకుండా వేడికే విడిపోవడం) అనిపిస్తోంది. రైజర్ అవుట్‌లెట్ 5 డిగ్రీలు తగ్గిస్తే డ్రై గ్యాస్ కాస్త దిగింది గానీ కన్వర్షన్ (ఫీడ్‌లో తేలిక ఉత్పత్తులుగా మారే భాగం) కూడా పడిపోయింది. ఫీడ్‌ని తుంపర్లుగా చేసే డిస్పర్షన్ స్టీమ్ పెంచితే రెండు రోజులు బాగుంది, మళ్లీ మామూలే. కోక్‌లో హైడ్రోజన్ 6.5 శాతమే కాబట్టి, క్యాటలిస్ట్‌కి అంటిన హైడ్రోకార్బన్లని వదిలించే స్ట్రిప్పర్‌ని తప్పు పట్టలేను. రీజెనరేటెడ్ క్యాటలిస్ట్ శాంపిల్ కూడా ఎప్పట్లా తెల్లటి బూడిద రంగులోనే ఉంది, అంటే కోక్ బాగానే కాలుతోంది.

ఫీడ్ నాజిళ్లు ఆరు. విడివిడిగా ఫ్లో మీటర్లు లేవు (డిజైన్ చేసినవాళ్లకి దండం). ఉమ్మడి ప్రెషర్ డ్రాప్ మాత్రం కొద్దిగా పెరిగింది.

షట్‌డౌన్ తీసుకోకుండా, లోపం నాజిల్ పూడుకోవడమా, లేక రైజర్ దాటాక ఆవిరి రియాక్టర్‌లో ఎక్కువసేపు ఉండిపోవడమా అని ఏ పరీక్షతో తేల్చుకోవచ్చు?