మే నెలలో వైజాగ్ వెళ్లొచ్చా?

మల్కాజిగిరి నుంచి అడుగుతున్నాను. ఇక్కడ కూలర్ కూడా వేడిగాలే కొడుతోంది. పిల్లలకు సెలవులు కదా, గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కేద్దామంటే మా అత్తగారు ‘అక్కడ చెమటకే సగమైపోతారు’ అంటున్నారు. ఫోన్‌లో చూస్తే ఇక్కడ 42, అక్కడ 35. ఎవరిని నమ్మాలి?

జవాబు (పుట్టిల్లు వైజాగ్, కాపురం కూకట్‌పల్లి):
అత్తగారినే నమ్మండి, అయినా వెళ్లండి. మన దగ్గర చెమట పట్టగానే ఆరిపోతుంది. అక్కడ గాలిలోనే తడి, ఆరదు. ముదురు రంగు చొక్కా అయితే వీపు మీద ఉప్పు చారలు కట్టేస్తాయి. పొద్దున తొమ్మిదింటికి ఆకు కదలదు. నేల బాగా వేడెక్కాక సముద్రం మీది చల్లగాలి లోపలికొస్తుంది, అప్పుడు ప్రాణం లేచొస్తుంది. పడమటి గాలి గట్టిగా ఉన్న రోజు మాత్రం అది ఆలస్యమవుతుంది. ఆ రోజు మధ్యాహ్నం గది దాటకండి. గది కూడా బీచ్ రోడ్డు వైపే తీసుకోండి, రెండొందలు ఎక్కువైనా సరే.

జవాబు:
సింహాచలం వెళ్తారేమో, అక్షయ తృతీయ ఎప్పుడో చూసుకోండి. స్వామి నిజరూప దర్శనం ఏడాదికి ఆ ఒక్కరోజే. ఆ జనంలో పిల్లలతో కష్టమండీ.

జవాబు:
ఆర్కే బీచ్‌లో పిల్లల్ని నీళ్లలోకి దింపొద్దు, అలలు లాగేస్తాయి. కురుసుర సబ్‌మెరైన్ చూపించి, ఒడ్డున మురీ మిక్స్చర్ తినిపించండి. నిమ్మకాయ ఎక్కువ పిండమని చెప్పండి.

అడిగినవారు:
థాంక్సండీ. అత్తగారు కూడా వస్తారట! ఇప్పుడు టెన్షనల్లా లోయర్ బెర్త్ గురించే.